తపు, తప్పు ఒకటేనా? మావోరీ మాటల మీద ఒక సందేహం

ప్రశ్న – పెరటి కరివేపాకు

అందరికీ నమస్కారం. తెనాలి చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి రెండో కాన్పుకు సాయంగా ఉందామని జూలైలో ఆక్లాండ్ వచ్చాను.

నా సందేహం మా మనవడి దగ్గర మొదలైంది. వాడికి నాలుగున్నరేళ్లు, కిండర్‌గార్టెన్‌కు వెళ్తాడు. పోయిన గురువారం వాడిని ఇంటికి తీసుకురావడానికి వెళ్లాను. అక్కడి కుర్చీలు జానెడు ఎత్తున ఉంటాయి, నా మోకాళ్లకు అవి పడవు. తలుపు పక్కనున్న బల్ల అంచు మీద కాస్త ఆనుకుని కూర్చున్నాను. మావాడు గది ఆ చివర నుంచి "అమ్మమ్మా, తపు! తపు!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. తప్పు అంటున్నాడనుకుని దిగ్గున లేచాను. ద్విత్వం పలకడం లేదే, ఇంటికి వెళ్లాక దిద్దాలి అని కూడా అనుకున్నాను. చేసిన ఉద్యోగం అలాంటిది మరి.

అక్కడి టీచరమ్మ నవ్వుతూ చెప్పింది. అది తెలుగు కాదట, న్యూజిలాండ్ మూలవాసుల భాషైన మావోరీ మాట. ఆ బల్ల మీద పిల్లలు తింటారు కాబట్టి దాని మీద ఎవరూ కూర్చోకూడదు. ఆ రాత్రి మావాడు నన్ను దిండు మీద కూడా కూర్చోనివ్వలేదు. తల పెట్టుకునే చోటు కదా, అందుకు. గిన్నెలు తుడిచే గుడ్డలను ఒంటి బట్టలతో కలిపి ఉతకకూడదని పక్కింటి మావోరీ ఆవిడ మా అమ్మాయికి ఎప్పుడో చెప్పిందని కూడా అప్పుడే తెలిసింది. నాకు మా నాయనమ్మ కళ్ల ముందు మెదిలింది. ఎత్తైన దండెం మీద కర్రతో ఆరేసిన మడిచీర, దాన్ని తాకబోయిన నన్ను చూసి ఆవిడ పెట్టిన కేక. ఇంత దూరం వచ్చి మళ్లీ ఆవిడ చేతిలోనే పడ్డానా అనిపించింది.

అప్పటి నుంచి ఒక పాత డైరీలో మావోరీ మాటలు రాసుకుంటున్నాను. "కై" అంటే తిండి, మన కాయ. "రా" అంటే సూర్యుడు, మన రవి. "కుర" అంటే బడి. గురువు, గురుకులం గుర్తుకు రావడం లేదూ? అన్నిటికీ మించి ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తోంది, మన అజంత తెలుగులాగే. బస్‌కు మనం ఉకారం తగిలించి బస్సు అన్నట్టు వీళ్లు "పహి" అంటారు. హ్రస్వ దీర్ఘాలు కూడా మనకున్నట్టే ఉన్నాయి. "కెకె" అంటే కేకు, "కేకే" అంటే చంక. ఇంగ్లిషు లిపిలో ఆ తేడా చూపాలంటే అక్షరం నెత్తిన గీత గీయాలి, మనకు ఆ అవస్థ లేదు.

ఇక ఙ. నా సర్వీసంతా "వాఙ్మయం" తప్ప ఇంకో మంచి ఉదాహరణ దొరక్క ఇబ్బంది పడిన అక్షరం ఇది. ఇక్కడ మాట మొదట్లోనే దర్జాగా వస్తుంది! "ఙరు" అంటే కెరటం. "ఙా" చేరిస్తే బహువచనం. ఙకు ఇంత మర్యాద జరిగే దేశం ఒకటి ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇదంతా కాకతాళీయమేనా, ఏమైనా చుట్టరికం ఉందా? తెలిసినవారు చెప్పండి. "అన్ని భాషలకూ సంస్కృతమే తల్లి" అనే జవాబు మాత్రం వద్దు. అది స్టాఫ్ రూములో చాలాసార్లు విన్నాను.

చోళసముద్రం

అమ్మా, ఇందులో సందేహమే అక్కర్లేదు. న్యూజిలాండ్‌లో తమిళ గంట దొరికింది, వెల్లింగ్టన్ మ్యూజియంలో ఉంది. మన ద్రావిడ నావికులు అక్కడికి వెళ్లారనడానికి ఇంకేమి రుజువు కావాలి? తపు మన తప్పే.

కొబ్బరినీళ్లు

గంట సంగతి ముందు తేల్చేస్తాను, లేకపోతే ఈ చర్చ దాని చుట్టూనే తిరుగుతుంది. విలియం కొలెన్సో అనే మిషనరీకి 1836 ప్రాంతంలో అది మావోరీ స్త్రీల దగ్గర కనిపించింది. వాళ్లు అందులో బంగాళదుంపలు ఉడకబెట్టుకుంటున్నారు. దాని మీద తమిళ అక్షరాల్లో ఉన్నది "మొహయిదీన్ బక్ష్ ఓడ గంట" అని. అంతే, ఒక ఓడ పేరు. గంట ఎలాగో ఆ తీరానికి చేరింది, దాని వెంట భాష చేరలేదు. ఆ బంగాళదుంపలు కూడా పుట్టుకతో దక్షిణ అమెరికావే. వాటిని చూసి ఆ స్త్రీలను పెరూ ఆడపడుచులని ఎవరూ అనలేదు కదా.

టీచర్ గారూ, ఇక మీ విషయం. నాది కోనసీమ. పదకొండేళ్లుగా హోనొలులులో కంప్యూటర్ ఉద్యోగం. మంగళవారం సాయంత్రాలు హవాయి భాష క్లాసుకు వెళ్తాను. మొదటి రోజు నేనూ మీలాగే ఒక జాబితా పట్టుకుని వెళ్లాను. అందులో మొదటి మాట "కోన". ఇక్కడ కోన కాఫీ అని చాలా పేరున్న కాఫీ ఉంది, ఆ తోటలున్న తీరం పేరు కోన. మా ఊరివాళ్లు ఎప్పుడో వచ్చి కొబ్బరి వేయబోయి కాఫీ వేశారని నా సిద్ధాంతం. మా గురువుగారు ఆ కాగితం ఓపికగా చదివి, మడిచి నా చేతికే ఇచ్చి ఒక ప్రశ్న అడిగారు. దాన్ని తెలుగులో చెప్పాలంటే "వీటికి వరస కలుస్తుందా?" అని. మన వరస అనే మాటకు క్రమం, చుట్టరికం అని రెండర్థాలు ఉన్నాయి. ఇక్కడ ఆ రెండూ కావాలి. ఒక మాట మరొక మాటను పోలి ఉంటే చాలదు, ఆ పోలిక ఒకే పద్ధతిలో మాట తర్వాత మాటలో కనిపించాలి.

వరస కలవడం ఎలా ఉంటుందో చూడండి. మావోరీ త ఇక్కడ క అవుతుంది. మావోరీ క ఇక్కడ గొంతులో చిన్న అడ్డుగా మాత్రమే మిగులుతుంది. దాని పేరు ‘ఒకిన, తలకిందుల కామాలా రాస్తారు. (చూడటానికి దుమ్ము కణంలా ఉన్నా దానికి హల్లు హోదా ఉంది. హవాయి భాషకు ఉన్న హల్లులే ఎనిమిది, అందులో ఇదొకటి. రాయకపోతే మా గురువుగారు ఊరుకోరు.) మీ ఙ ఇక్కడ న, మీ ర ఇక్కడ ల, మీ ఫ ఇక్కడ హ. నియమాలు ఇంతే. మీ "తఙత", అంటే మనిషి, ఇక్కడ "కనక". మీ "ఫరె", ఇల్లు, ఇక్కడ "హలె". మీ "ఇక", చేప, ఇక్కడ "ఇ‘అ". మీ కై ఇక్కడ "‘అఇ". మీ తపు ఇక్కడ "కపు". మా వీధి చివరి ఇంటి గేటుకు ఎర్రరంగుతో అదే రాసి ఉంటుంది, లోపలికి రావద్దని.

నా కోన గతి కూడా ఇందులోనే తేలిపోయింది. ఇంగ్లిషు అక్షరాల్లో చూసి కోన అనుకున్నాను, నిజానికి అది "కొన". వెనక్కి నడిపితే క బదులు త, న బదులు ఙ: "తొఙ". దక్షిణం అని అర్థం. మన పత్రికలు టోంగా అని రాసే దేశం పేరు కూడా అదే. కోనసీమకు కాదు, టోంగాకు చుట్టం.

మీరున్న దేశానికి మావోరీ పేరే తీసుకోండి, "అఒతెఅరొఅ". "అఒ" మేఘం, "తెఅ" తెలుపు, "రొఅ" పొడవు. తెల్లని పొడుగు మేఘమని ఎక్కువమంది చెప్పే అర్థం. ఇప్పుడు త బదులు క, ర బదులు ల పెట్టండి. తెఅ కెఅ అయింది, రొఅ లొఅ అయింది. మా పెద్ద దీవి మీద రెండు అగ్నిపర్వతాలు ఉన్నాయి: మౌన కెఅ, మౌన లొఅ. మొదటిది 4,207 మీటర్లు, చలికాలంలో నెత్తిన మంచు పడుతుంది, అది తెల్ల కొండ. రెండోది పక్కకు పరుచుకుపోయిన పొడుగు కొండ. మీవాళ్ల మేఘానికున్న రెండు విశేషణాలను మావాళ్లు రెండు కొండలకు పంచారన్నమాట. ఇది నాకు తట్టినప్పుడు బస్సులో ఉన్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఉకులేలే వాయిద్యం తెలుసు కదా, బుల్లి గిటారులా ఉంటుంది. "‘ఉకు" అంటే పేను, గోమారి లాంటి పురుగు, "లెలె" అంటే ఎగరడం. వెనక్కి నడిపిస్తే ‘ఉకు కాస్తా "కుతు" అవుతుంది. మావోరీలో కుతు అంటే పేను. మలయ్ భాషలో కూడా కుతు పేనే! లెలె మీ "రెరె". ఈ వాయిద్యం పూర్వరూపం 1879లో మదీరా దీవి నుంచి వచ్చిన పోర్చుగీసు కూలీలతో దిగింది. తీగల మీద వేళ్లు గంతులేస్తుంటే ఎగిరే పేను అన్నారని ప్రచారం. చివరి రాణి లిలి‘ఉఒకలని మాత్రం ముందున్న అడ్డు తీసేసి "ఉకు" అన్నారట. అడ్డు లేని ఉకు అంటే కానుక. అప్పుడది "ఇక్కడికి వచ్చిన కానుక". ఒక చిన్న గుర్తు తీసేసరికి పేను కాస్తా కానుకైంది. అంతఃపురానికి తగ్గ వ్యుత్పత్తి.

ఇప్పుడు మీ డైరీ. నిజమైన చుట్టాలైతే తాతల కాలానికి వెళ్లేకొద్దీ దగ్గరవ్వాలి. కైకి దూరపు బంధువు మలయ్ "మకన్", తినడం. అంటే పాత రూపంలో ఒక న ఉండేది, మన కాయలో అది లేదు. రా టోంగాలో "ల‘ఆ", సమోవాలో "లా". ర అనేది తర్వాత వచ్చిన మార్పు, కాబట్టి రవి అక్కడే విడిపోయాడు. ఇక కుర. చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. అది ఇంగ్లిషు స్కూలు! మావోరీకి స లేదు, ల లేదు, జంట హల్లులు లేవు. ఉన్నవాటితో సర్దుకుంటే స్కూల్‌లో మిగిలింది కుర. మీరు గురుకులమని దండం పెట్టింది ఇంగ్లిషు బడికి.

అజంతం మాట నిజమే, కానీ ఇటాలియన్ మాటలు కూడా ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. అంతమాత్రాన రోము మనకు మేనమామ ఇల్లు కాదు.

తపు సంగతి మాత్రం ఫిజీ భాష తెలిసినవారు చెబితే బాగుంటుంది. అర్థం వరకు నేను ఒకటి చెప్పగలను. మావోరీ బైబిలు అట్ట మీద "పైపెర తపు" అని ఉంటుంది. తపు తప్పైతే ఆ గ్రంథం గతేమిటి? మీ నాయనమ్మ మడిచీరే అసలు అర్థానికి దగ్గర. వేరుగా ఉంచవలసింది, ముట్టరానిది, మహిమ ఉన్నది. దానికి ఎదురుమాట "నొఅ", ఏ కట్టూ లేనిది. ఇక్కడ పూర్వం ఆడవాళ్లు అరటిపళ్లు, కొబ్బరి, పందిమాంసం తినకూడదు, మగవాళ్లతో కలిసి తినకూడదు. 1819లో పెద్ద కమెహమెహ పోయిన కొన్ని నెలలకే, కొత్తగా గద్దెనెక్కిన ఆయన కొడుకు ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని భోంచేశాడు. దాంతో ఆ కట్టు తెగిపోయింది. మిషనరీలు ఓడ దిగింది మరుసటి ఏడు, 1820లో. ఆ భోజనాన్ని "‘అఇ నొఅ" అంటారు. మీ మావోరీలో చెప్పాలంటే కై నొఅ.

పెరటి కరివేపాకు

కుర దెబ్బకు కాసేపు నోట మాట రాలేదు. పిల్లల వ్యాసాల్లో ఇలాంటివి కనిపిస్తే ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని, ఇప్పుడు నా డైరీలోనే కొట్టేసుకున్నాను. వరస అన్నారే, అది బాగుంది. ఎల్లిస్ దొర 1816లో చేసినది ఆ పనే కదా. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా రాస్తూ తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పేర్చి, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని చూపించాడు. ఇన్నేళ్లు పాఠం చెప్పాను కానీ ఆ పద్ధతి సముద్రం మధ్యలో కూడా పనిచేస్తుందని ఆలోచించలేదు.

తెలుగు వైపు తప్పు సంగతి నేను చెబుతాను, అది నా సొంత పొలం. మన తప్పుకు మొదటి అర్థం పాపమూ కాదు, నిషేధమూ కాదు. జారిపోవడం, అందకపోవడం. గురి తప్పింది, దారి తప్పింది, మాట తప్పాడు, గండం తప్పింది. కన్నడంలోనూ తమిళంలోనూ ఇదే మాట ఇదే ద్విత్వంతో ఉంది. "చేయక తప్పదు" అన్నప్పుడు తప్పు చేయమని కాదు కదా. అసలు నేను ఈ దేశం రావడానికి కారణమే మా అమ్మాయి నెల తప్పడం. ముట్టకూడనిది అనే అర్థం ఈ కుటుంబంలో ఎక్కడా లేదు.

ఇంకో చిన్న ప్రశ్న. మావాడి సంచిలో ఒక కాగితం వచ్చింది, "తె వికి ఒ తె రెఒ మావొరి" అని. వికీపీడియావాళ్లు కిండర్‌గార్టెన్ పిల్లల చేత కూడా రాయిస్తున్నారా అని అల్లుడిని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

సువా లెక్కలు

ఫిజీ రాజధాని సువాలో ఆరేళ్లు ఆడిటింగ్ ఉద్యోగం చేశాను. ఫిజీ భాష పాలినీషియన్ (మావోరీ, హవాయి భాషలున్న శాఖ) కాదు, కానీ పెదనాన్న పిల్లల వరస. తపు అక్కడ "తబు" అని రాస్తారు, "తంబు" అని పలుకుతారు. వాళ్ల లిపిలో బ కనిపిస్తే ముందు ఒక మ ఉన్నట్టు, ద కనిపిస్తే ముందు ఒక న ఉన్నట్టు పలకాలి. మొదటిసారి విమానాశ్రయం పేరు చూసి "నాది" అని చదివాను. ట్యాక్సీ అతను "నాంది" అని దిద్దాడు. నాందీ ప్రస్తావన అక్కడే జరిగింది.

పాత ధ్వని ఈ ంబ. పాలినీషియన్ శాఖ దాన్ని ప చేసుకుంది. ఫిజీలో రాత్రిని "బొగి" అని రాసి "ంబొఙి" అంటారు, మావోరీలో అది "పో". వరస కలిసింది. కాబట్టి తపు వెనక్కి పోయేకొద్దీ తంబు వైపు పోతోంది. మీ తప్పు, తమిళ కన్నడాల తప్పు వెనక్కి పోయినా తప్పుగానే ఉంటున్నాయి. పోలిక ఈ రోజు ఉంది, ముత్తాతల నాడు లేదు. చుట్టరికం కాదని తేలడానికి ఇది చాలు.

అక్కడ మా పక్కింటి పెద్దావిడ తాతలు మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లు. 1903 నుంచి ఆ రేవు గుండా కూలీలను తీసుకెళ్లారు, 1916లో చివరి ఓడ. ఆవిడకు తెలుగులో ఒక జోలపాట సగం వచ్చు. చేమదుంప అనే మాట మాత్రం రాదు. "దాలో" అనేది. పులుసు మాత్రం అచ్చం మన పులుసే, చింతపండు, ఇంగువ పోపుతో సహా. ఆక్లాండ్ కూరగాయల దుకాణంలో "తరో" అని రాసి ఉండే పెద్ద దుంప ఇదే. హవాయిలో "కలొ" అయి ఉండాలి, మీ వరస ప్రకారం.

కొబ్బరినీళ్లు

అదే, కలొ. మా క్యాంటీన్‌లో దాన్ని ఉడికించి మెత్తగా దంచి ఊదారంగు జావలా పెడతారు, పొఇ అంటారు. చింతపండు లేని చేమదుంప మీద నా అభిప్రాయం ఇక్కడ రాయను.

టీచర్ గారూ, మీ వికి ఇంగ్లిషు వారం. వీక్ అనే మాట మావోరీ నోట్లో వికి అయింది. మీ కాగితం మావోరీ భాషా వారోత్సవం గురించి, 1975 నుంచి జరుపుతున్నారు. వికీపీడియాలోని వికీ మాత్రం మా ఊరిది. హవాయిలో "వికి" అంటే త్వరగా, "వికివికి" అంటే త్వరత్వరగా. హోనొలులు విమానాశ్రయంలో ఒక టెర్మినల్ నుంచి ఇంకొక టెర్మినల్‌కు తిప్పే బస్సుకు ఆ పేరు పెట్టారు. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్‌కు ఆ బస్సు పేరు గుర్తుండిపోయి, 1995లో తను తయారుచేసిన, ఎవరైనా దిద్దగలిగే వెబ్‌సైటుకు దాన్ని తగిలించాడు. 2003లో మన తెలుగు వికీపీడియా మొదలైనప్పుడు ఆ మాట మనకూ వచ్చింది. అది "వీక్షణం" నుంచి పుట్టిందని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. రోజూ ఆ బస్సెక్కేవాడిని ఏమి చెప్పగలను?

కుర విషయంలో మరీ బాధపడకండి, మీకంటే పెద్దవాళ్లు పడ్డారు. ఎడ్వర్డ్ ట్రెగేర్ అనే ఆయన మీరున్న దేశంలోనే 1885లో ఒక పుస్తకం వేసి మావోరీలు ఆర్యులని వాదించాడు. ఆవును ఎరగని ఆ దీవుల భాషలో, "కౌ" అనే అక్షరాలు కనిపించిన చోటల్లా సంస్కృతపు గోవును వెతికాడు. మరుసటి ఏడు అట్కిన్‌సన్ అనే లాయరు ఆ పద్ధతిని వెక్కిరిస్తూ వ్యాసం రాశాడు. అయితే ట్రెగేర్ అక్కడితో ఆగలేదు. 1891లో మావోరీ మాటల పక్కన సమోవా, తాహితి, హవాయి, టోంగా మాటలు పేర్చి పెద్ద నిఘంటువు తెచ్చాడు. అదైతే ఇప్పటికీ తిరగేయదగ్గదే. గోవును వదిలి వరస పట్టుకున్నాడు.

చోళసముద్రం

గంట మాత్రం నిజమే కదా.

కొబ్బరినీళ్లు

గంట నిజమే బాబూ. ఎవరూ కాదనలేదు.

పెరటి కరివేపాకు

నాలుగు రోజులు ఇటు రాలేకపోయాను. అమ్మాయికి మళ్లీ మగపిల్లాడే, ఇద్దరూ క్షేమం.

కాన్పు అయ్యాక మంత్రసాని, ఇక్కడ చదువుకున్న అమ్మాయి, ఒక మూతపెట్టె పట్టుకుని "ఫెనుఅ మీరు ఇంటికి తీసుకెళ్తారా?" అని మా అల్లుడిని అడిగింది. అతనికి ఆ మాట భూమి అనే తెలుసు. భూమి ఇంటికి తీసుకెళ్లడమేమిటని తెల్లబోయాడు. ఆ పెట్టెలో ఉన్నది మాయ. భూమికీ మాయకూ వీళ్లకు ఒకటే మాట, మాయను తిరిగి భూమిలోనే పెడతారట. మా అమ్మ వాళ్ల ఇంట్లో మేమంతా పుట్టినప్పుడు పెరట్లో గొయ్యి తీసి పూడ్చిపెట్టేవారు. ఆ మూల ఎవరూ తొక్కకూడదని పైన బండరాయి ఉండేది. ఆసుపత్రి కాన్పులు వచ్చాక మా ఇళ్లలో ఆ సంగతే మరిచిపోయాం. నేనే ముందుకెళ్లి, తీసుకెళ్తాం అని చెప్పాను. ఈ మాటకు వరస ఉందా?

కొబ్బరినీళ్లు

శుభాకాంక్షలు టీచర్ గారూ. ఉంది, బ్రహ్మాండంగా ఉంది. సమోవాలో ఫనుఅ, టోంగాలో ఫొనుఅ, తాహితిలో ఫెనుఅ. మలయ్‌లో "బెనుఅ" అంటే ఖండం. నియమం ప్రకారం మాకు హెనుఅ రావాలి, హొనుఅ వచ్చింది. హల్లులు మాట నిలబెట్టుకున్నాయి, ఒక అచ్చు జారింది. హెనుఅ అచ్చంగా ఈస్టర్ దీవిలో ఉంది. ఆ దీవికి స్థానికుల పేర్లలో ఒకటి "తె పితొ ఒ తె హెనుఅ". పితొ అంటే బొడ్డు. భూమి బొడ్డు అని చాలామంది చెప్పే అర్థం. త బదులు క పెడితే మా "పికొ", అదీ బొడ్డే. బొడ్డు ఊడాక మాకు కూడా చెప్పండి.

పెరటి కరివేపాకు

బొడ్డు నిన్న ఊడింది.

అద్దె ఇంటి పెరట్లో తవ్వకూడదని అల్లుడు ఒక పెద్ద కుండీ, రెండు బస్తాల మట్టి తెచ్చాడు. పైన కరివేపాకు వేద్దామన్నాను, ఈ చలికి బతకదన్నారు. నిమ్మ మొక్క పెట్టాం. మట్టి వేస్తుంటే పెద్దవాడు కుండీలోకి తొంగిచూసి లోపల ఏముందని అడిగాడు. తమ్ముడి మాయ అన్నాను. "మాయ అంటే మ్యాజిక్ కదా అమ్మమ్మా?" అన్నాడు.

ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఏ పిల్లవాడూ నన్ను ఇది అడగలేదు. ఈ రెండు మాయలకూ వరస కలుస్తుందా? కన్నడం, తమిళం తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.